రాత్రి గోల, పొద్దున నిశ్శబ్దం: తుంటి ఆపరేషన్ తర్వాత సంధి (ఉన్నట్టుండి మతి తప్పే డెలీరియం) వచ్చిన ఒక కేసు

78 ఏళ్ల మహిళ, బరువు 46 కిలోలు. సోమవారం తెల్లవారుజామున 5 గంటలకు బాత్రూములో జారి కుడివైపుకు పడింది. మళ్లీ లేవలేకపోయింది. కుడికాలు పొట్టిబడి, పాదం బయటికి తిరిగి ఉంది. సాయంత్రం 4 గంటలకు ఎముకల వార్డుకు తీసుకొచ్చారు. ఎక్స్‌రేలో ఇంటర్‌ట్రొకాంటరిక్ ఫ్రాక్చర్, అంటే తుంటి దగ్గర తొడ ఎముక పైభాగం విరగడం; అక్కడి చిన్న బొడిపె (చిన్న ట్రొకాంటర్) విడిపోయిన రకం. ఇది బోధన కోసం కూర్చిన కేసు, ఏ ఒక్క వ్యక్తిదీ కాదు. కానీ ఇందులో ఉన్నవన్నీ తుంటి విరిగిన పెద్దవాళ్ల వార్డుల్లో తరచూ కనబడేవే.

బీపీకి టెల్మిసార్టన్ 40, హైడ్రోక్లోరోథయాజైడ్ 12.5 కలిసిన మాత్ర వాడుతోంది. షుగరుకు మెట్‌ఫార్మిన్ 500 రెండు పూటలా. చెవుడు ఉంది, చెవి మిషన్ ఇంట్లోనే ఉండిపోయింది. కళ్లజోడు పడ్డప్పుడు విరిగింది. చదువుకోలేదు. పడే ముందురోజు దాకా ఒక్కతే గుడికి వెళ్లొచ్చేది, ఇంట్లో కూర్చుని పూలు కట్టేది. కోడలు చెప్పిన ఒక మాట మాత్రం కేస్ షీటులోకి ఎక్కలేదు: ‘‘ఆరు నెలల్నుంచి అడిగిందే అడుగుతోంది సార్.’’

రక్తపరీక్షల్లో హిమోగ్లోబిన్ 9.8, సోడియం 128, పొటాషియం 3.4, క్రియాటినిన్ 1.1, అల్బుమిన్ 2.9, షుగరు 212. ఈసీజీలో క్యూటీసీ (కొన్ని మందులతో పెరిగి గుండె లయ తప్పించగల కొలత) 440.

ఇక్కడే ఆగి చూడాల్సిన అంకె క్రియాటినిన్, కిడ్నీల పని చెప్పేది. ల్యాబు కాగితం మీద 1.1 పక్కన ఏ గుర్తూ ఉండదు, నార్మల్ అనుకుని పేజీ తిప్పేస్తాం. వయసు, బరువు కలిపి కాక్‌క్రాఫ్ట్ సూత్రంతో లెక్క కడితే క్లియరెన్స్, అంటే కిడ్నీలు రక్తాన్ని వడగట్టే వేగం, నిమిషానికి 31 మి.లీ. మాత్రమే. కండ లేని సన్నటి ముసలి ఒంట్లో క్రియాటినిన్ తయారయ్యేదే తక్కువ, అందుకే ఆ అంకె మంచిగా కనిపిస్తుంది. నొప్పి మందు ట్రమడాల్ ఎంత సేపు ఒంట్లో నిలుస్తుందో, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఎనాక్సపారిన్ ఎంత ఇవ్వాలో తేల్చేది ఈ 31, ఆ 1.1 కాదు.

మంగళవారం రాత్రి, దుప్పటి అంచు

నొప్పికి ట్రమడాల్ 50 మి.గ్రా. ఎనిమిది గంటలకోసారి నరానికి ఇచ్చారు. దాంతో దురద అంటే అలర్జీ మందు అవిల్ ఒక యాంపిల్ ఇచ్చారు. ఎకో (గుండె స్కాన్) కోసం మంగళవారం గడిచిపోయింది. ఆ రాత్రి 2 గంటలకు నర్సు రాసిన నోట్‌లో ఉన్నది రెండు ముక్కలు: ‘నిద్ర పట్టలేదు’. పక్కన పడుకున్న కోడలు చూసింది వేరు. చీకట్లో ఆమె రెండు చేతులూ కదులుతున్నాయి. దుప్పటి అంచు పట్టుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కి, చుట్టి, ముడి వేసి, మళ్లీ కాస్త జరిపి ఇంకో ముడి. అలవాటు కొద్దీ పూలు కడుతోందనుకుంది కోడలు. ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

దుప్పటి పీకడం, గాల్లో ఏదో ఏరుతున్నట్టు వేళ్లాడించడం సంధికి చాలా పాత గుర్తు. డెలీరియం అన్న మాట రాకముందు నుంచీ మన పెద్దలు దీన్ని సంధి, సంధి ప్రేలాపన అనే పిలిచారు. జ్వరంలోనో, పెద్ద జబ్బులోనో మనిషి మతి ఉన్నట్టుండి తప్పి, గంటకో రకంగా మారడమని వాళ్లకు తెలుసు. గోల మొదలయ్యే 21 గంటల ముందే ఆ గుర్తు కనబడింది. రాత్రి డ్యూటీ నర్సు పొద్దున కోడల్ని ‘‘రాత్రి అత్తయ్యలో ఏమైనా తేడా కనిపించిందా?’’ అని ఒక్క మాట అడిగి ఉంటే కథ అక్కడే మలుపు తిరిగేది. ఇంతకన్నా చవకైన, ఇంతకన్నా పదునైన పరీక్ష వార్డులో లేదు.

బుధవారం

పొద్దున 8 గంటల కేసు అని మంగళవారం రాత్రి 10 నుంచి ఏమీ పెట్టలేదు. అత్యవసర కేసొకటి మధ్యలో రావడంతో ఈమె వంతు మధ్యాహ్నం 3కి జరిగింది. మొత్తం 17 గంటలు కడుపులో చుక్క నీళ్లు లేవు. ఘనాహారానికి 6 గంటలు, మంచినీళ్లకు 2 గంటల గడువు చాలు. కేసు వెనక్కి జరిగిన ప్రతిసారీ ఎవరో ఒకరు వార్డుకు ఫోన్ చేసి ‘నీళ్లు తాగించండి’ అనాలి. ఆ ఫోను ఎవరి పనో రాసిపెట్టుకోని చోట ఎవరూ చెయ్యరు. నీళ్లకు బదులు లీటరు 5 శాతం డెక్స్‌ట్రోస్ ఎక్కించారు. అసలే సోడియం 128 ఉన్న మనిషికి అది మంచినీళ్లు ఎక్కించడమే.

స్పైనల్ (వెన్నులో మత్తు) ఇచ్చారు. భయపడుతోందని మగత తెచ్చే మిడజోలం 1 మి.గ్రా. కూడా ఇచ్చారు. విరిగిన ఎముకను లోపలినుంచి నిలబెట్టే పీఎఫ్‌ఎన్ నెయిల్ (లోహపు కడ్డీ) వేయడానికి 75 నిమిషాలు పట్టింది. మధ్యలో పై బీపీ కొన్ని నిమిషాలు 82కి దిగితే మెఫెంటర్మిన్‌తో నిలబెట్టారు. మూత్రపు గొట్టాన్ని సాయంత్రం 6కి రికవరీలోనే తీసేశారు. వీలైనంత త్వరగా తీయడం మంచి పనే. కానీ తీసిన తర్వాత మూత్రం వచ్చిందా లేదా చూసే పని ఎవరికీ అప్పజెప్పలేదు.

రాత్రి 11 గంటలకు ‘‘లేగదూడ తాడు తెంపుకుంది, కట్టెయ్యాలి’’ అంటూ మంచం దిగబోయింది. సెలైన్ ఎక్కించే క్యాన్యులా పీకేసింది. పట్టుకోబోయిన కొడుకుని ‘‘ఎవడ్రా నువ్వు?’’ అంది. వార్డంతా లేచింది. డ్యూటీలో ఉన్నవాళ్లు గోల తగ్గించే హాలోపెరిడాల్ 5 మి.గ్రా., మత్తు తెచ్చే అలర్జీ మందు ఫెనర్గన్ 25 మి.గ్రా. కండకు ఇచ్చి, రెండు మణికట్లూ కట్టుగుడ్డతో మంచానికి కట్టారు. అర్ధరాత్రి దాటాక నిద్రపోయింది.

గురువారం పొద్దున రౌండ్స్‌లో రాసిన మాట: ‘రోగి శాంతంగా ఉన్నారు’. ఫిజియో వచ్చి, నిద్రపోతోందని వెళ్లిపోయాడు. టిఫిన్ అలాగే ఉండిపోయింది.

ఈ కేసులో అన్నిటికన్నా ప్రమాదకరమైన వాక్యం ఇదే. గోల చేసే సంధిని వార్డులో అందరూ చూస్తారు. కళ్లు మూసుకుని, పిలిస్తే ‘ఊఁ’ అని మళ్లీ మగతలోకి జారే సంధిని ఎవరూ చూడరు. తుంటి విరిగిన పెద్దవాళ్లలో ఈ నిశ్శబ్ద రకం తక్కువేమీ కాదు. తిండి, నీళ్లు, నడక ఆగిపోయి, ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి, పిరుదుల మీద పుండ్లు పడేది ఈ దశలోనే. ఆమె శాంతించలేదు. సంధి రూపం మారిందంతే.

గురువారం 11 గంటలకు ఏం దొరికింది

సంధిని పట్టే 4ఏటీ పరీక్ష పెట్టారు. ఎడిన్‌బరాలో తయారైన ఈ పరీక్ష రెండు నిమిషాల్లో అయిపోతుంది, ప్రత్యేక శిక్షణ అక్కర్లేదు. మెలకువ ఎలా ఉంది, వయసు, పుట్టినరోజు, చోటు, సంవత్సరం చెప్పగలరా, నెలలు వెనక్కి చెప్పగలరా, మార్పు ఉన్నట్టుండి వచ్చిందా అన్న నాలుగు అంశాలు. మొత్తం 12. నాలుగూ అంతకు మించీ వస్తే సంధి ఉందనే అనుకోవాలి. ఆమెకు 12కు 12 వచ్చింది.

మన వార్డుల్లో ఒక చిక్కుంది. బడికి వెళ్లని పెద్దమ్మను డిసెంబరు నుంచి వెనక్కి చెప్పమంటే, బాగా ఉన్న రోజున కూడా చెప్పలేదు. పుట్టిన తేదీ చాలామందికి తెలియదు. అందుకే వారాలు వెనక్కి అడగడం మేలు: ‘‘శనివారం ముందు ఏ వారం పెద్దమ్మా? దానికి ముందు?’’ అలా మార్చినప్పుడు అంకెను మూల పరీక్ష అంకెతో సమానంగా చూడకూడదు. నిన్నటి ఆమెతో ఇవాళ్టి ఆమెను పోల్చాలి. చేరిన రోజునే ఒకసారి అడిగి రాసిపెట్టుకుంటే ఆ పోలిక కుదురుతుంది. ఈ కేసులో అది లేదు. అడిగే ముందు చెవి మిషన్ పెట్టాలి, లేకపోతే స్టెతస్కోపు ఆమె చెవులకు పెట్టి, గుండె మీద ఆనించే బిళ్ల (డయాఫ్రమ్) దగ్గర మాట్లాడినా పనవుతుంది. చెవుడును మతిమరుపుగా లెక్కేస్తే అది పరీక్ష తప్పు.

ఆ తర్వాత వెతుకులాట. సంధికి ఒక్క కారణం దొరకగానే ఆపకూడదు, ఈ వయసులో నాలుగైదు కలిసే వస్తాయి. నిమిషాల్లో ప్రాణం తీసేవి ముందు. ఆక్సిజన్ శాతం మామూలు గాలి మీద 90. వేలి షుగరు 142, అంటే షుగరు పడిపోలేదు. నాడి 110, బీపీ 168/90, జ్వరం లేదు. ఛాతీ మీద, చంకల్లో ఎర్రచుక్కలు వెతికారు. పెద్ద ఎముక విరిగిన మూడు రోజుల్లోపు మగత, ఆక్సిజన్ తగ్గుదల కలిసి వస్తే ఫ్యాట్ ఎంబాలిజం (ఎముకలోని కొవ్వు రక్తంలో చేరి ఊపిరితిత్తుల్లో, మెదడులో అడ్డుపడడం) గుర్తుకు రావాలి. చుక్కలు లేవు. ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తుల అడుగుభాగం ముడుచుకుపోయి ఉంది. పడిన మనిషి, పైగా మగత, కాబట్టి తల సీటీ తీశారు. రక్తస్రావం లేదు.

డైపర్ తడిగా ఉంది కాబట్టి మూత్రం పోతోందని అందరూ అనుకున్నారు. పొత్తికడుపు మీద చెయ్యి వేస్తే బొడ్డు దాకా గట్టిగా తగిలింది. అల్ట్రాసౌండ్‌లో మూత్రాశయంలో 700 మి.లీ. పైన ఉంది. ఆ తడి నిండిపోయి పొర్లిన తడి. వేలితో మలద్వారం చూస్తే గట్టి మలం. ఆదివారం తర్వాత విరేచనం కాలేదు. ట్రమడాల్ పేగును ఆపింది. అవిల్, ఫెనర్గన్ రెండూ మూత్రాశయపు కండను వదులు చేసేవే. స్పైనల్ దానికి తోడు. గట్టిపడిన మలం వెనకనుంచి నొక్కింది. గోలను ఆపడానికి ఇచ్చిన ఫెనర్గన్ ఆ గోలకు ఒక కారణాన్ని ఇంకా పెంచింది. మాట్లాడలేని మనిషికి నిండిన మూత్రాశయం ఎంత బాధో ఆలోచిస్తే, మంచం దిగి పారిపోవాలనిపించడంలో వింతేమీ లేదు.

సోడియం 124, హిమోగ్లోబిన్ 7.6, క్యూటీసీ 478. మణికట్టు తిప్పితే పళ్లచక్రంలా ఆగి ఆగి కదులుతోంది, అది హాలోపెరిడాల్ చేసిన పని.

ఇంకా మూడు లెక్క కుదరలేదు. అంత మగతలోనూ నాడి 110, అరచేతుల్లో చెమట, చాచిన చేతుల్లో సన్నటి వణుకు. నొప్పి అనుకోవచ్చు, రక్తం తగ్గడం అనుకోవచ్చు. కానీ మంగళవారం రాత్రి దుప్పటి పీకినప్పుడు ఆపరేషనే కాలేదు, రక్తం 9.8 ఉంది. అందుకే మందుల గురించి మళ్లీ మొదట్నుంచి అడిగారు. ‘‘ఏం మందులు వాడుతున్నారు?’’ అని కాకుండా ‘‘ఇంటి నుంచి తెచ్చిన సంచి ఇవ్వండమ్మా’’ అన్నారు. గుడ్డ సంచి అడుగున, విభూది పొట్లం పక్కన, సగం అయిపోయిన ఆల్‌ప్రజోలం 0.5 స్ట్రిప్పు ఉంది.

‘‘అదా, అది మందు కాదు సార్, నిద్రకి. ఆరేళ్ల నుంచీ రోజూ ఒకటి. ఆపరేషన్ కదా అని సోమవారం నుంచి వెయ్యలేదు’’ అంది కోడలు.

మన దగ్గర ఈ మాత్ర బీపీ మందుల జాబితాలో ఉండదు. ‘ఏం మందులు?’ అంటే బీపీవి, షుగరువి చెబుతారు. నిద్రమాత్రను జనం మందుగా లెక్కెయ్యరు. ఏళ్ల తరబడి వేసుకున్నది ఒక్కసారి ఆపితే ఒకటి రెండు రోజుల్లో వణుకు, చెమట, నిద్రలేమి, సంధి వస్తాయి, ఫిట్స్ కూడా రావచ్చు. హాలోపెరిడాల్ ఆ ఫిట్స్ ఇంకా తేలిగ్గా వచ్చేలా చేస్తుంది. సంధిలో కొత్తగా ఇచ్చిన మందులనే అందరూ వెతుకుతారు. ఆగిపోయిన మందును కూడా అంతే పట్టుదలగా వెతకాలి. మద్యం, పొగాకు, జర్దా, నశ్యం ఇవన్నీ ఇదే ప్రశ్న కిందికి వస్తాయి. ఆడవాళ్లనూ అడగాలి.

ఏం చేశారు

గొట్టం వేసి మూత్రం తీసేసి, అప్పుడే గొట్టం కూడా తీసేశారు. ఆరు గంటలకోసారి అల్ట్రాసౌండ్‌తో చూడమని రాశారు. గ్లిజరిన్ సపోజిటరీ పెట్టి, మగత తగ్గాక లాక్టులోజ్ 15 మి.లీ. రెండు పూటలా మొదలుపెట్టారు. శుక్రవారం పొద్దున విరేచనమైంది, తర్వాత మూత్రం తనంతట తనే వచ్చింది.

ట్రమడాల్, అవిల్, ఫెనర్గన్, బీపీ మాత్రలో ఉండి సోడియం తగ్గించే థయాజైడ్ నాలుగూ కొట్టేశారు. నొప్పికి పారాసిటమాల్ 650 మి.గ్రా. ఆరు గంటలకోసారి, అడిగినా అడగకపోయినా. 50 కిలోల లోపు వాళ్లకు ఒక డోసుకు కిలోకు 15 మి.గ్రా. మించకూడదు, ఆమెకు అది 690. దాంతోపాటు అల్ట్రాసౌండ్ చూస్తూ ఫాసియా ఇలియాకా బ్లాక్ (గజ్జ దగ్గర నరాల చుట్టూ మత్తు ఇంజెక్షన్), 0.2 శాతం రోపివకైన్ 25 మి.లీ. నిజానికి ఈ బ్లాక్ సోమవారం సాయంత్రం ఎక్స్‌రే చూసిన వెంటనే పడాల్సింది. అప్పుడు ట్రమడాలే అక్కర్లేకపోవచ్చు, ట్రమడాల్ లేకపోతే దురద లేదు, దురద లేకపోతే అవిల్ లేదు. అలాగని నొప్పి మందు మానేయడం కూడా తప్పే, తగ్గని నొప్పి కూడా సంధి తెస్తుంది.

నాలుక ఎండిపోయి ఉంది, మూత్రంలో సోడియం బాగా తక్కువ. అందుకే 0.9 శాతం సెలైన్ నెమ్మదిగా ఎక్కిస్తూ ఆరు గంటలకోసారి సోడియం చూశారు. 24 గంటలకు 130, 48 గంటలకు 133. రోజుకు 8 మించి పెరగనివ్వకూడదు. ఆత్రపడి ఒక్కసారి ఎక్కిస్తే మెదడు కాండంలో నరాల పొర దెబ్బతింటుంది. రక్తం ఒక్క యూనిట్ ఎక్కించాక హిమోగ్లోబిన్ 8.7. ఆక్సిజన్ 2 లీటర్లు, తలవైపు మంచం ఎత్తు. నోటికి ఏదైనా ఇచ్చే ముందు మూడు చెంచాల నీళ్లు ఒక్కొక్కటిగా పట్టి, దగ్గు వస్తుందా, గొంతు తడిబారుతుందా చూశారు.

ఆల్‌ప్రజోలం విషయంలో తొందరపడలేదు. మామూలుగా సంధిలో ఈ జాతి మందులు ఇవ్వకూడదు, ఇస్తే ఎక్కువవుతుంది. కానీ అవి ఆగడం వల్ల వచ్చిన సంధికి అవే వైద్యం. మగతలో ఉన్న మనిషికి, ఆక్సిజన్ 90 ఉన్నప్పుడు ఇస్తే ఊపిరి తగ్గుతుంది. రాత్రి 8కి కళ్లు తెరిచి కొడుకుని పేరుతో పిలిచింది, ఆక్సిజన్ 96 అయింది, వణుకు ఇంకా ఉంది. 9కి 0.25 మి.గ్రా. ఇచ్చి, రాత్రంతా వేలికి ఆక్సిజన్ మిషన్ ఉంచారు. మర్నాడు రాత్రి పాత డోసు 0.5. శనివారానికి వణుకు పోయింది, నాడి 84.

చేతి కట్లు గురువారం మధ్యాహ్నమే విప్పేశారు. కట్టేస్తే భయం పెరుగుతుంది, భయంతో గింజుకుంటారు, గింజుకుంటే ఇంకా గట్టిగా కడతారు. క్యాన్యులా పీకకుండా మోచేతి పైకి మార్చి, మీద నైటీ చెయ్యి లాగితే సరిపోయింది. కంటికి కనబడని దాని జోలికి చెయ్యి పోదు.

హాలోపెరిడాల్ అసలు వాడకూడదని కాదు. తనకో, పక్కవాళ్లకో దెబ్బ తగిలే పరిస్థితి ఉండి, మాటతో కుదరనప్పుడు 0.25 నుంచి 0.5 మి.గ్రా. ఇచ్చి, అరగంట నుంచి గంట ఆగి చూడాలి. ఇక్కడ ఇచ్చింది దానికి కనీసం పదింతలు. పార్కిన్సన్స్ ఉన్నవాళ్లకు, క్యూటీసీ 500 దాటినవాళ్లకు అసలు వద్దు. పోట్లాడని, నిశ్శబ్దంగా ఉన్న సంధికి ఆ మందు పనే లేదు.

కోడలికి అప్పజెప్పిన పని

ఇంటివాళ్లు అప్పటికే తాయెత్తు కట్టారు. ‘గాలి సోకింది’ అన్న మాటను ఎవరూ కొట్టిపారేయలేదు. తాయెత్తు ఉండనిచ్చి, ఇది పిచ్చి కాదని, ఒంట్లో ఉప్పు తగ్గి, మూత్రం ఆగి, నిద్రమాత్ర ఆగి మెదడు తడబడుతోందని, కారణాలు సర్దుకున్న కొద్దీ తగ్గుతుందని చెప్పారు. సాయంత్రాలు ఎక్కువవుతుందని కూడా ముందే చెప్పారు. లేకపోతే తగ్గిందనుకున్న మర్నాటి సాయంత్రం మళ్లీ మొదలైతే ఇంటివాళ్లు బెదిరిపోతారు.

చెవి మిషన్, పాత కళ్లజోడు ఇంటినుంచి తెప్పించారు. ఎప్పుడూ ఒకే మనిషి దగ్గరుండాలని, చూడ్డానికి వచ్చేవాళ్లను ఇద్దరికి మించి రానివ్వొద్దని అన్నారు. ‘నేనెవర్ని చెప్పు, గుర్తుపట్టావా?’ అని పరీక్షలు పెట్టొద్దన్నారు. దానికి బదులు తానే చెప్పాలి: ‘‘అత్తయ్యా, నేను మీ కోడల్ని. ఇది ఆసుపత్రి. మీ కాలికి ఆపరేషన్ అయిపోయింది. ఇప్పుడు సాయంత్రమైంది.’’ లేగదూడ గురించి అడిగితే వాదించొద్దు, ‘అవునవును’ అని కథ పెంచొద్దు. ‘‘దూడను పక్కింటివాళ్లు చూసుకుంటున్నారు, మీరు ఈ నాలుగు ముద్దలు తినండి’’ అని మళ్లించాలి. పగలు కిటికీ పక్కన కూర్చోబెట్టడం, రాత్రి 10 నుంచి 5 దాకా బీపీ, ఇంజెక్షన్ల పేరుతో లేపకుండా ఉండేలా నర్సులు సమయాలు మార్చడం. ఖర్చులేని ఈ పనులే అసలు వైద్యం. 1999లో అమెరికాలో వచ్చిన 852 మంది అధ్యయనంలో ఆసుపత్రిలో చేరిన పెద్దవాళ్లకు ఇలాంటి పనులే పద్ధతిగా చేస్తే సంధి 15 శాతం నుంచి 9.9కి తగ్గింది. తుంటి విరిగిన 126 మంది మీద 2001లో వచ్చిన మరో అధ్యయనంలో వృద్ధుల వైద్య నిపుణుడు మొదటిరోజు నుంచే రోజూ చూడడంతో 50 శాతం ఉన్నది 32 అయింది.

స్పైనలా, జనరల్ మత్తా అన్న వాదన ఈ కేసు చుట్టూ కూడా నడిచింది. 2021లో వచ్చిన రీగెయిన్ ట్రయల్‌లో తుంటి విరిగిన 1,600 మందిని చూస్తే స్పైనల్ వైపు 20.5 శాతం, జనరల్ వైపు 19.7 శాతం సంధి. తేడా లేదు. ఆ వాదనకు పెట్టే సమయాన్ని ఆలస్యం తగ్గించడానికి పెట్టాలి. 2020లో వచ్చిన హిప్ అటాక్ ట్రయల్‌లో 2,970 మందిని రెండుగా విడదీసి, ఒక వైపు ఫ్రాక్చర్ తెలిసిన సుమారు 6 గంటలకు, మరోవైపు 24 గంటలకు ఆపరేషన్ చేశారు. మరణాల్లో తేడా రాలేదు కానీ సంధి 12 శాతం నుంచి 9కి తగ్గింది. ఈమెకు చేరాక 47 గంటలు పట్టింది. కొత్తగా ఏ గుండెజబ్బు గుర్తూ లేని మనిషికి ఎకో కోసం ఒక రోజు ఆపడం సమర్థించుకోలేం. 128 సోడియం కోసం ఆపాల్సిన పని కూడా లేదు, థయాజైడ్ ఆపి, ఎక్కించే సీసా మార్చుకుంటూ వెళ్లొచ్చు.

తర్వాత

శుక్రవారం సాయంత్రం 4ఏటీ 6. ఇద్దరు పట్టుకుంటే కుర్చీలో కూర్చుంది. శనివారం వాకర్‌తో నాలుగడుగులు వేసింది, వారాలు వెనక్కి ఏడూ చెప్పింది. సోమవారం స్కోరు 1, సంవత్సరం ఒక్కటే తప్పింది. సంధి తగ్గాక కూడా ఒకటి నుంచి మూడు మధ్య నిలబడితే అడుగున మతిమరుపు జబ్బు ఉందేమో చూడాలి. కోడలు మొదటిరోజే చెప్పిన ‘అడిగిందే అడుగుతోంది’ అన్న మాట అప్పుడు షీటులోకి ఎక్కింది. ఎముక బలానికి జోలెడ్రోనిక్ యాసిడ్ రాయబోయి ఆపారు, క్లియరెన్స్ 35 లోపు ఉన్నవాళ్లకు అది పనికిరాదు.

పదో రోజున ఇంటికి పంపారు. డిశ్చార్జ్ కాగితం మీద ‘ఆపరేషన్ తర్వాత సంధి వచ్చింది’ అని, కారణాలతో సహా, పెద్ద అక్షరాల్లో రాశారు. ఫెనర్గన్, అవిల్, ట్రమడాల్ ఇవ్వొద్దని కింద తెలుగులో రాసి కోడలితో చదివించారు. ఆల్‌ప్రజోలం 0.5 నుంచి రెండు, మూడు వారాలకోసారి పావు వంతు చొప్పున తగ్గించే పట్టీ ఇచ్చారు.

ఆరు వారాలకు వాకర్‌తో వీధి గుమ్మం దాకా నడుస్తోంది, చిల్లర లెక్క మాత్రం తప్పుతోంది. మూడు నెలలకు ఆల్‌ప్రజోలం పూర్తిగా ఆగింది, చేతికర్రతో గుడికి వెళ్తోంది, కానీ మనవడు పక్కన ఉండాలి. హైదరాబాద్ నిమ్స్‌లో తెలుగుకు మలిచిన అడెన్‌బ్రూక్స్ పరీక్ష (జ్ఞాపకశక్తిని, ఆలోచనను కొలిచేది) కోసం న్యూరాలజీకి పంపారు. మంగళవారం రాత్రి జరిగింది ఆమెకు కొంత గుర్తుంది. అప్పుడు చేతిలో ఉన్నవి కనకాంబరాలని, దారం ఎంత లాగినా ముడి పడలేదని చెప్పింది.